స్త్రీల మనోవేదన - ముందుజాగ్రత్త వైద్యం
(గ్రామీణ మహిళా ఆరోగ్య కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జబ్బు చేసిన తరువాత ఆస్పత్రికి వెళ్ళడం వేరు, జబ్బు రాకముందే వెళ్ళడం వేరు. మొదటి సందర్భంలో బాధే మనిషిని చేయి పట్టుకొని తీసుకుపోతుంది. రెండవ సందర్భంలో అలా లాక్కుపోయేది ఏదీ ఉండదు. ఒళ్ళు బాగానే ఉన్న స్త్రీ ఇంటి పని, కూలి పని మానుకొని, ఒక పూట సంపాదన పోగొట్టుకొని, ఎప్పుడో పదేళ్ళ తరువాత రాగల, బహుశా రాకనే పోగల ఒక వ్యాధి కోసం పరీక్ష చేయించుకోవాలి. అందుకు పదేళ్ళ తరువాత తాను ఉంటానన్న నమ్మకం, తాను ఉండడం అవసరమన్న నమ్మకం ఆమెకు కావాలి. ఆ నమ్మకం సడలిపోయిన స్త్రీలను గురించి ఈనాడు మీతో మాట్లాడదలిచాను.

ముందుగా పరిస్థితి ఏమిటో చూద్దాం. 2019-21 సంవత్సరాలలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో 30 నుంచి 49 ఏళ్ళ మధ్య వయస్సు గల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార కేన్సరు పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకున్నవారు నూటికి 1.9 మంది. రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఒకరు కూడా లేరు, 0.9 మంది మాత్రమే. ఇక వ్యాధి సంగతి. 2022వ సంవత్సరానికి అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ వేసిన అంచనా ప్రకారం భారతదేశంలో ఆ ఒక్క ఏడాదిలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు గర్భాశయ ముఖద్వార కేన్సరు కొత్తగా సోకింది. సుమారు 80,000 మంది ఆ వ్యాధితో మరణించారు. నిజానికి కేన్సర్లలో ఇంతగా గడువు ఇచ్చే కేన్సరు అరుదు. తొలి మార్పులు కనిపించిన నాటి నుంచి అది ముదరడానికి సాధారణంగా పదేళ్ళో, అంతకుమించో పడుతుంది. దానిని పసిగట్టే పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. పలుచని అసిటిక్ ఆమ్లంలో ముంచిన దూదితో గర్భాశయ ముఖద్వారాన్ని అద్ది, ఒక నిమిషం ఆగి, తెల్లని మచ్చ ఏర్పడిందేమో చూడడమే ఆ పరీక్ష. తర్ఫీదు పొందిన నర్సు దానిని చేయగలదు.

ఇంత సులువైన పరీక్షకు ఇంత తక్కువ మంది ఎందుకు వస్తున్నారు? పట్టణాలలో కూర్చున్నవారు దీనికి తేలికగా ఒక సమాధానం చెబుతారు: మన ఆడవారికి తెలియదు, తెలిసినా సిగ్గు అని. ఈ సమాధానాన్ని నేను అంగీకరించలేను. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, ఈ పరీక్షను నర్సుల ద్వారా పల్లెల చెంతకే తీసుకువెళ్ళినప్పుడు, అర్హులైన 49,311 మంది స్త్రీలలో 31,343 మంది వచ్చి పరీక్ష చేయించుకున్నారు. అంటే దాదాపు మూడింట రెండు వంతులు. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ వ్యాధి మరణాలు అక్కడ నూటికి 35 వంతులు తగ్గాయి. ముంబయి మురికివాడలలో పదవ తరగతి చదివిన ఆరోగ్య కార్యకర్తలే ఈ పరీక్ష చేశారు. అక్కడ మరణాలు నూటికి 31 వంతులు తగ్గాయని 2014లో ప్రకటించారు. దిండిగల్ పల్లె స్త్రీకి సిగ్గు లేదనా దీని అర్థం? కాదు. సేవ ఇంటి దగ్గరికి వచ్చింది, చేసేది స్త్రీ, మర్యాదగా పిలిచారు. కనుక సిగ్గు పక్కకు తప్పుకున్నది.

అయినప్పటికీ మూడవ వంతు మంది రాలేదు కదా. ప్రతి ఊరిలోనూ ఈ మూడవ వంతు ఉంటారు. వారి ఇళ్ళు మీకు తెలుసు. మూడుసార్లు వెళ్ళినా "రేపు వస్తానమ్మా" అనే ఇల్లు, తలుపు సగమే తెరుచుకునే ఇల్లు, టీకా తేదీ దాటిపోయిన బిడ్డ ఉన్న ఇల్లు, బి.పి. మాత్రలు సగంలో మానేసిన ఇల్లు. ఈ ఇళ్ళన్నింటిలోనూ కారణం ఒకటే అని నేను అనను. దూరం ఉన్నది, డబ్బు ఉన్నది, అత్తగారి అనుమతి ఉన్నది. కాని వీటి వెనుక, ఏ రిజిస్టరులోనూ మనం రాసుకోని కారణం మరొకటి ఉన్నది. అది మనస్సుకు సంబంధించినది.

బెంగుళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే నిర్వహించింది. వయోజనులలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారనీ, కుంగుబాటు, ఆందోళన వంటి సాధారణ రుగ్మతలు గల వారిలో నూటికి 80 మందికి పైగా చికిత్స అందడం లేదనీ అందులో తేలింది. కుంగుబాటు పురుషులలో కంటే స్త్రీలలో అధికం. దీనికి శరీర ధర్మమే కారణమని సరిపెట్టుకోవడానికి వీలులేదు. గోవాలో బాలింతలపై జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, కాన్పు అయిన కొద్ది వారాలకు నూటికి 23 మంది తల్లులు కుంగుబాటుతో ఉన్నారని కనుగొన్నారు. దానిని పెంచే వాటిలో పేదరికం ఉన్నది, భర్త చేతి దెబ్బలు ఉన్నాయి, పుట్టినది ఆడపిల్ల కావడం కూడా ఉన్నది. ఇందాక చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే, వివాహమైన స్త్రీలలో నూటికి 29 మంది భర్త హింసను అనుభవించినట్లు చెప్పారు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని నేర్పిన సమాజంలో, అడిగిన వారికి ఆ మాత్రం చెప్పినవారే అంత మంది ఉన్నారంటే చెప్పనివారి సంగతి ఊహించుకోండి.

"మనోవ్యాధికి మందు లేదు" అని మన సామెత. అది ఏనాటి మాటో గాని, ఎంతో చేటు చేసింది. మందు లేదన్నాక చెప్పుకొని ప్రయోజనమేమిటి? కాబట్టి ఆమె మనస్సు సంగతి చెప్పదు, ఒంటి సంగతి చెబుతుంది. నిస్సత్తువ అంటుంది. తల బరువంటుంది, గుండెదడ అంటుంది, ఒళ్ళంతా మంటలంటుంది, కాళ్ళు పీకుతున్నాయంటుంది. తెల్లబట్ట అవుతున్నదంటుంది. ఈ చివరిదాన్ని గురించి గోవాలోనే మరొక పరిశోధన జరిగింది. తెల్లబట్ట అని చెప్పుకున్న స్త్రీలను పరీక్షించి చూడగా, ఆ ఫిర్యాదుకు జననాంగాల అంటువ్యాధులతో కంటే మనస్తాపంతోనే గట్టి సంబంధం కనిపించింది. మన ఆరోగ్య కేంద్రాలలో ఇటువంటి స్త్రీకి జరిగేది ఏమిటి? యాంటీబయాటిక్ బిళ్ళలు, ఒక బలం టానిక్కు, మరీ అడిగితే ఒక సూది మందు. పది రోజుల తరువాత అదే నిస్సత్తువ. నాలుగోసారికి "ఈ ఆసుపత్రి వల్ల నాకేమీ కాదు" అన్న నిర్ణయానికి వస్తుంది. అయిదోసారి మీరు వెళ్ళి, కేన్సరు పరీక్షకు రమ్మంటే ఆమె ఎందుకు వస్తుంది చెప్పండి? అలాగని తెల్లబట్ట అంటే మనస్సులోనిదేనని తోసిపుచ్చి పంపడం కూడా ప్రమాదమే. దుర్వాసన, రక్తపు చారలు, కలయిక తరువాత రక్తస్రావం, ముట్లుడిగిన తరువాత రక్తం కనబడడం, వీటిలో ఏది ఉన్నా వెంటనే పరీక్ష జరగాలి. రెండూ చూడాలి. ఒకటి చూసి రెండవది వదిలివేయడమే మనకు అలవాటైపోయింది.

కుంగిన మనస్సు ముందుజాగ్రత్త వైద్యానికి ఎలా అడ్డుపడుతుందో కొంచెం నిలిచి ఆలోచిద్దాం. తెల్లవారి లేచి పొయ్యి రాజేయడమే బరువైన స్త్రీకి, బస్సెక్కి మండల కేంద్రానికి వెళ్ళడమంటే కొండ ఎక్కడమే. "నేనేమైపోతే ఏమిటి, పిల్లలు బాగుంటే చాలు" అనే మాట మీరు ఎన్నోసార్లు విని ఉంటారు. దానిని త్యాగమని మెచ్చుకోవడం మనకు అలవాటు. చాలాసార్లు అది కుంగుబాటు మాట. మరొక స్త్రీకి నిస్పృహ కంటే భయం ఎక్కువ. పరీక్షలో ఏదైనా బయటపడితే ఎవరు చూస్తారు, ఎవరు ఖర్చు పెడతారు, ఇంట్లో ఉండనిస్తారా అని. అటువంటి ఆందోళనలో ఉన్నవారికి తెలుసుకోకపోవడమే రక్షణగా తోస్తుంది. ఇంట్లో హింసకు గురైన స్త్రీకి పరీక్ష బల్లమీద పడుకోవడమే ఒక శిక్ష. అది తెలియక అక్కడి నర్సు "కాళ్ళు కదపకు, ఎందుకలా బిగిస్తావు" అని ఒక్కసారి కసురుకుంటే, ఆ స్త్రీ మరి గడప తొక్కదు. పక్కింటి ఇద్దరికి కూడా చెబుతుంది.

ఇక తీవ్ర మానసిక వ్యాధులు గల స్త్రీల సంగతి మరీ దారుణం. రొమ్ము కేన్సరు పరీక్షలను గురించి ఇతర దేశాల అధ్యయనాలు అనేకం కలిపి చూసి 2014లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, మానసిక వ్యాధి గల స్త్రీలకు, ముఖ్యంగా తీవ్ర వ్యాధి గలవారికి, ఈ పరీక్షలు తక్కువగా అందుతున్నాయని తేలింది. అంతకంటే ఆలోచించవలసిన విషయం మరొకటి అందులో ఉన్నది. కేవలం మనస్తాపం ఉన్నంత మాత్రాన ఆ తేడాకు పూర్తి సంజాయిషీ దొరకలేదు. అంటే లోపాన్ని ఆ స్త్రీ మనస్సులోనే వెతకడం సరికాదు, ఆమెను చూసే మన చూపులో కూడా వెతకాలి. "ఆమె పిచ్చిది" అని ఒకసారి పేరుపడిన తరువాత, రొమ్ములో గడ్డ ఉన్నదని ఆమె చెప్పినా నమ్మేదెవరు? బి.పి. చూడండని అడిగినా పట్టించుకునేదెవరు? మనస్సుకు వాడే కొన్ని మందులవల్ల బరువు పెరగడం, మధుమేహం రావడం వంటివి జరగవచ్చునని వైద్యులకు తెలుసు. అయినా, అందరికంటే ఎక్కువగా పరీక్షలు అవసరమైన ఆమెకే అందరికంటే తక్కువగా జరుగుతున్నాయి.

ఇంతవరకు చీకటి చెప్పాను. మన పొరుగు దేశంలో జరిగిన ఒక ప్రయత్నం ఇక్కడ ప్రస్తావించాలి. పాకిస్తాన్‌లో రావల్పిండి జిల్లా గ్రామాలలో మన ఆశ కార్యకర్తల వంటివారే ఉన్నారు, లేడీ హెల్త్ వర్కర్లని అంటారు. మానసిక శాస్త్రం చదివినవారు కారు. గర్భం చివరి నెల నుంచి బిడ్డకు పది నెలలు వచ్చేవరకు, కుంగుబాటుతో ఉన్న తల్లుల ఇంటికి పదహారుసార్లు వెళ్ళి, ఆమె ఆలోచనల చిక్కుముడులను ఆమెచేతనే విప్పించేటట్లు మాట్లాడడానికి వారికి తర్ఫీదు ఇచ్చారు. 2008లో ఫలితాలు వచ్చాయి. కాన్పు అయిన ఆరు నెలలకు, ఈ సహాయం పొందిన తల్లులలో నూటికి 23 మందిలోనే తీవ్రమైన కుంగుబాటు మిగిలింది. మామూలు సందర్శనలు మాత్రమే జరిగినవారిలో అది నూటికి 53. మనకు కావలసిన విషయం ఆ తరువాత ఉన్నది. మనస్సు తేరుకున్న ఆ తల్లుల బిడ్డలకు టీకాలు పూర్తిగా పడడం పెరిగింది, విరేచనాలు తగ్గాయి, తల్లులు కుటుంబ నియంత్రణ పద్ధతులు ఎక్కువగా అనుసరించారు. బిడ్డల ఎదుగుదలలో మాత్రం చెప్పుకోదగిన తేడా రాలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పాలి కదా. టీకాల గురించి ఎవరూ ప్రత్యేకంగా ఉపన్యాసాలు ఇవ్వలేదు. తల్లి మనస్సు మీద బరువు దించారు, ఆమె కాళ్ళు వాటంతట అవే టీకా కేంద్రం వైపు నడిచాయి.

మన జార్ఖండ్, ఒడిశా రాష్ట్రాలలోని ఆదివాసీ గ్రామాలలో ఇదే విషయం మరొక దారిన రుజువైంది. అక్కడ నెలకొకసారి స్త్రీలు ఒకచోట కూడి, కథలు, బొమ్మలు, ఆటల సాయంతో కాన్పు గురించి, పసిబిడ్డ సంరక్షణ గురించి మాట్లాడుకొని, తమ ఊరికి తగిన ఉపాయాలు తామే నిర్ణయించుకున్నారు. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం మూడేళ్ళలో నవజాత శిశు మరణాలు నూటికి 32 వంతులు తగ్గాయి. ఆ కూటములలో కుంగుబాటు అన్న మాటే లేదు. అయినా మూడవ ఏడాదికి తల్లులలో ఒక మోస్తరు కుంగుబాటు నూటికి 57 వంతులు తగ్గినట్లు కనిపించింది. నలుగురు కూర్చొని, ఒకరి మాట ఒకరు విని, ఒక పని సాధించడంలో ఉన్న బలం అది. మన మహిళా సంఘాల సమావేశాలలో అప్పుల వాయిదాలకే సమయం చాలడం లేదని మీరు అంటారు. నిజమే. కాని నెలకు ఒక అరగంట ఈ మాటలకు కేటాయించడానికి ఏ జి.వో. అవసరం లేదు.

మన సొంత గడ్డమీద ఒక చేదు అనుభవం కూడా ఉన్నది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార కేన్సరును నిరోధించే టీకాను బాలికలకు ప్రయోగాత్మకంగా వేశారు. కొందరు బాలికలు మరణించడంతో ఆందోళన చెలరేగి, 2010లో దానిని నిలిపివేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కాని తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవడంలో, వసతి గృహాల పెద్దల సంతకాలతో సరిపెట్టడంలో తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. టీకా మంచిదే. 2022లో మన దేశంలోనే తయారైన టీకాకు అనుమతి కూడా లభించింది. అయితే అడగకుండా చేసిన మేలు భయాన్ని మిగుల్చుతుంది. ఆ భయం ఒక తరం స్త్రీలలో నిలిచిపోతుంది. మీరు గడప ముందు నిలబడినప్పుడు ఆ పాత భయం కూడా మీకంటే ముందే అక్కడ నిలబడి ఉంటుంది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న పత్రం సంగతికి వస్తాను. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి వ్యక్తికీ మీరు నింపే అంచనా పత్రంలో రొమ్ములో గడ్డ, అసాధారణ రక్తస్రావం వంటి ప్రశ్నలున్నాయి. అదే పత్రం చివరి భాగంలో మనస్సుకు సంబంధించిన ప్రశ్నలు రెండున్నాయి. గడచిన రెండు వారాలలో పనులపై ఆసక్తి, సంతోషం తగ్గాయా? దిగులుగా, నిరాశగా అనిపించిందా? ఎన్ని రోజులు? ఒక్కొక్కదానికి సున్న నుంచి మూడు మార్కులు. మొత్తం 3 దాటితే ఆరోగ్య కేంద్రానికి పంపాలి. గర్భాశయ కేన్సరు ప్రశ్న, మనస్సు ప్రశ్న ఒకే కాగితం మీదకు రావడం చిన్న విషయం కాదు. అయితే ఈ రెండు గళ్ళలో అన్ని ఇళ్ళకూ వరుసగా సున్నలు వేసుకుపోతే ఆ కాగితం వల్ల ప్రయోజనం లేదు. మీరు వేస్తారని నేను అనడం లేదు. పని ఒత్తిడి ఎంతటిదో నాకు తెలుసు. ఇరవై ఇళ్ళు పూర్తి చేయవలసిన రోజున, అత్తగారు పక్కనే కూర్చున్న ఇంటిలో, ఈ ప్రశ్నకు సున్న తప్ప మరేమి వస్తుంది?

కాబట్టి మొదటి పని, ఆ ప్రశ్నలు ఒంటరిగా ఉన్నప్పుడు అడగడం. బావి దగ్గరో, పెరటిలోనో, బి.పి. పట్టీ కట్టే వంకతో లోపలి గదిలోనో. రెండవది, ఆమె భాషలో అడగడం. "ఆసక్తి లోపించినదా" అంటే ఆమెకేమి అర్థమవుతుంది? తెలంగాణలో "మనాది పెట్టుకున్నవా" అంటే వెంటనే తెలుస్తుంది. కోస్తాలో బెంగ అంటారు, దిగులంటారు. పండుగకు ముగ్గు వేయబుద్ధి కావడం లేదా, టి.వి.లో ఇష్టమైన ధారావాహిక వస్తున్నా లేచి వెళ్ళాలనిపించడం లేదా, పిల్లవాడు నవ్వినా నవ్వు రావడం లేదా అని అడగండి. జవాబు వచ్చాక ఆగండి. మంచి సలహా ఒకటి చెప్పి లేచిపోవాలన్న తొందరను ఆపుకోండి. "అందరికీ ఉండేదేలే, ఓర్చుకో" అన్న ఒక్క మాట ఆ తలుపును శాశ్వతంగా మూసివేస్తుంది.

చావాలనిపిస్తున్నదని ఎవరైనా చెబితే ఆమెను ఒంటరిగా విడిచి రావద్దు. ఆమె నమ్మే మనిషిని ఒకరిని పిలిపించి, పురుగుల మందు డబ్బాలను ఇంటి నుంచి తీసివేయించి, ఆ రోజే వైద్యునికి చూపించాలి. ఏ వేళనైనా 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ అనే ఈ కేంద్ర ప్రభుత్వ సేవ తెలుగులో కూడా లభిస్తుంది. ఈ నంబరు ఆమెకు మాత్రమే కాదు, మీకు కూడా. ఊరందరి దిగులు మూటగట్టుకొని ఇంటికి చేరి, రాత్రి వంట చేసుకొనే స్త్రీలు మీరు. మీలో ఎంతమంది మీ సొంత రొమ్ము పరీక్ష చేయించుకున్నారని నేను ఇక్కడ చేతులెత్తమని అడగబోవడం లేదు. ఈ శిబిరం ముగిసేలోగా మీ ఏ.ఎన్.ఎం. దగ్గరకు వెళ్ళి అడగండి.

చట్టం ఏమంటున్నదో ఒక్క మాట చెప్పి విరమిస్తాను. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. మనకు పొరుగునే ఉన్న బళ్ళారి జిల్లాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి చూసిన పద్ధతిని ఆధారం చేసుకొని, 1996లో జిల్లా కార్యక్రమం ప్రారంభించారు. తొలుత చేపట్టిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మానసిక వ్యాధి గలవారికి శారీరక వ్యాధిగ్రస్తులతో సమానంగా సేవలు అందాలని నిర్దేశించింది. మూడేళ్ళలోపు బిడ్డ గల తల్లి మానసిక చికిత్స కోసం ఆస్పత్రిలో ఉన్నప్పుడు సాధారణంగా బిడ్డను ఆమె నుంచి వేరు చేయరాదని కూడా అందులో ఉన్నది. కనుక మీ ఊరిలో "పిచ్చిది" అని పిలవబడే స్త్రీ ఉంటే, ఈసారి పరీక్షల జాబితాలో ఆమె పేరు మొదట రాయండి. ఆమెతోపాటు మీరూ వెళ్ళండి. అక్కడివారు అభ్యంతరం చెబితే ఈ చట్టం పేరు చెప్పండి.

ఇక మీరు తెచ్చుకున్న పత్రాలు తీయండి. చివరి భాగంలో సున్నలు పడిన ఇళ్ళలో మీకు అనుమానం ఉన్నవి ఏవో గుర్తుపెట్టండి. ఒక్కొక్కటిగా మాట్లాడుకుందాం.